ఆదివారం సున్నా

దర్జీ ఆవిడ మంగళవారం పొద్దున్నే టోపీ కుట్టుకుని మరీ వచ్చింది. ఈత టోపీ. కొట్లో కొనుక్కోవచ్చు, కానీ తన తల కొలత తనకు తెలిసినంతగా కొట్టువాడికి తెలియదని ఆమె నమ్మకం. నీలం గుడ్డ, అంచుకు సాగే పట్టీ, దాని మీద రెండు వరసల కుట్టు. ఆ టోపీని కౌంటర్ మీద పెట్టి, సోమవారం నుంచి మొదలయ్యే కొత్తవాళ్ల తరగతిలో తన సీటు ఖాయమైందో లేదో చూడమంది.

కౌంటర్ వెనకాల తాళాలక్క ఉంది. ఆ ఈతకొలనులో పదిహేడేళ్లుగా లాకర్ల తాళాలు ఇచ్చేదీ, తీసుకునేదీ ఆవిడే కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పొద్దున్న ఆరింటికి వచ్చి, నీళ్లలో కాగితపు ముక్క ముంచి, మారిన రంగును డబ్బా మీది రంగులతో పోల్చుకుని, క్లోరిన్ ఎంతుందో పలక మీద సుద్దతో రాయడం దగ్గర ఆవిడ రోజు మొదలవుతుంది. అప్పటి నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆవిడ నోటికీ చేతికీ తెరిపి ఉండదు.

తాళాలక్క కళ్లజోడు పైకి తోసుకుని కంప్యూటర్లో వెతికింది. దర్జీ ఆవిడ పేరు ఉంది. కానీ ఎర్రగా ఉంది. పక్కన ‘గడువు దాటింది’ అని రాసి ఉంది. ఈ వారంలో ఇలాంటి ఎరుపు ఇది ఆరోది. 

సంగతేమిటంటే, రెండు నెలల కిందట ఈతకొలనుకు కొత్త వెబ్‌సైటు వచ్చింది. సీటు కావాలంటే అందులో పేరు రాసుకోవాలి. వంతు రాగానే సైటు తనంతట తనే ఒక మెయిలు పంపుతుంది. అందులోని లింకు రెండు రోజుల్లోగా నొక్కితే సీటు ఖాయం. నొక్కకపోతే వంతు తర్వాతివాళ్లకు పోతుంది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. ఎటొచ్చీ, మెయిలు అందిన దాఖలా లేదని అందరూ ఒకటే మాట.

దర్జీ ఆవిడా అదే చెప్పింది. సైటు రాకముందు నుంచీ, నాలుగు నెలలుగా వంతు కోసం కాచుకుని ఉందట. కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్లు అరిగిపోయాయి, నీళ్లలో అయితే నొప్పి తెలియకుండా కాళ్లు ఆడించవచ్చని డాక్టరు చెప్పాడట. కాజాలు కుట్టే మధ్యలో కూడా ఫోను చూసుకుంటూనే ఉన్నానంది. తాళాలక్క ఆమె ఫోను అడిగి తీసుకుని స్పామ్ అన్న అర తెరిచింది. అక్కరలేని మెయిళ్లన్నీ పోయి పడే అర అది. లాటరీ తగిలిందన్న ఉత్తరానికీ, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామన్న ఉత్తరానికీ మధ్యలో ఈతకొలను మెయిలు బుద్ధిగా కూర్చుని ఉంది. వచ్చి నాలుగు రోజులైంది.

దర్జీ ఆవిడ ఆ మెయిలు వైపు చూసింది, తాళాలక్క వైపు చూసింది. గొంతు పెంచలేదు.

“ఇక్కడ ఒక అర ఉంటుందని నాకెవరు చెప్పారండీ? సైటు చేసింది మీ మేనకోడలే అంటున్నారు. సీట్లు మీవాళ్లకు సర్దుకోవడానికి ఇదొక దారేమో.”

టోపీ చేతిలోకి తీసుకుని వెళ్లిపోయింది. తాళాలక్కకు తల కొట్టేసినట్టయింది. పదిహేడేళ్లలో తడి కాళ్లతో జారిపడ్డవాళ్లు తిట్టారు, తాళం పోగొట్టుకున్నవాళ్లు ఎదురు దబాయించారు, కానీ ఒకళ్లది తీసి ఇంకొకళ్లకు ఇచ్చిందన్న మాట ఎవరూ అనలేదు. వెనకాల వరసలో ఉన్న నలుగురూ విననట్టు నటించడం ఇంకా బాధపెట్టింది.

పదకొండింటికి ఈతకొలను కార్యదర్శి పిలిపించాడు. ఆయన ఎప్పుడూ ఇస్త్రీ మడత చెదరని మనిషి, మాట కూడా అంతే. ప్రతి సంగతికీ చివర్లో ‘చూద్దాం’ అంటాడు. పన్నెండు సీట్లకు ముగ్గురే ఖాయం చేసుకున్నారనీ, కొలనులో నీళ్లు తప్ప మనుషులు ఉండేలా లేరనీ అన్నాడు. ఎవరి దాకానో ఎందుకు, తనకే ఈ సంస్థ మెయిలు ఒక్కటీ రావడం లేదని ఫోను చూపించాడు. ఆఖరికి అసలు విషయం బయటపెట్టాడు.

“శనివారం కమిటీ ఉంది. అప్పటికి కారణం తేలాలి, మెయిళ్లు చేరాలి. లేదంటే సైటు వేరేవాళ్లకు ఇచ్చేద్దాం. మీ మేనకోడలని మొహమాటపడితే రేపు మీకే మాట వస్తుంది.”

ఈసారి ‘చూద్దాం’ అనలేదు. తాళాలక్కను భయపెట్టింది అదే.

*

మేనకోడలు కొలను వెనకాల సామాను గదిలో పనిచేసుకుంటుంది. పిల్లలు పట్టుకుని ఈదే తేలే పలకలు, గాలి పోయిన ట్యూబులు, విరిగిన గొడుగు, వీటి మధ్య ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ల్యాప్‌టాప్. చదువయ్యాక ఒకచోట ఏడాది పనిచేసి, తనంతట తాను పట్టిన మొదటి పని ఈ సైటు. తాళాలక్కకు అన్న కూతురు. అత్త ఇంట్లోనే ఉంటూ, అత్తతో పాటే పొద్దున నడిచి వస్తుంది. ఇది పోతే తర్వాత ఎవరైనా ‘ఇంతకుముందు ఏం చేశావు’ అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

తాళాలక్క వెళ్లి నిప్పులు చెరిగింది. నీ మెయిళ్లు పోయి లాటరీవాడి పక్కన కూర్చుంటున్నాయి, నా పరువు పోయి బట్టతలవాడి పక్కన కూర్చుంది అని ఏకరువు పెట్టింది. మేనకోడలు అంతా విని, పక్కనున్న ట్యూబు మీద దుమ్ము దులిపి అత్తను కూర్చోమంది. అది చూస్తే ఎంత కోపమైనా సగానికి దిగుతుంది, గాలి లేని ట్యూబు మీద కూర్చుని అరవడం కష్టం.

మెయిలు పంపడం ఒకెత్తు, అది లోపలికి పోవడం ఒకెత్తు అని పిల్ల చెప్పుకొచ్చింది. ప్రతి మెయిలు పెట్టెకూ ఒక కాపలా ఉంటుంది. వచ్చిన ఉత్తరం నిజంగా ఈతకొలను పంపిందా, ఆ పేరు పెట్టుకుని ఎవరైనా దొంగ పంపాడా అని చూస్తుంది. అందుకోసం, మా పేరుతో మెయిలు పంపే హక్కు ఫలానా యంత్రాలకే ఉంది అని మనం ముందే ఒక జాబితా పెట్టాలి. ప్రతి మెయిలు మీదా దొంగలు పెట్టలేని సంతకం ఒకటి ఉండాలి. పోయిన నెల సైటును కొత్త యంత్రం మీదికి మార్చినప్పుడు ఆ యంత్రాన్ని జాబితాలో చేర్చడం మరిచిపోయిందట. తప్పు తనదేనని దాపరికం లేకుండా ఒప్పుకుంది.

“అయితే చేర్చెయ్యవే తల్లీ, ఇంకా కబుర్లెందుకు,” అంది తాళాలక్క.

చేర్చేసింది. సాయంత్రానికి పరీక్ష మెయిళ్లు పంపింది. అత్త ఫోనుకు ఒకటి, ఈత నేర్పే కోచ్‌కు ఒకటి, కార్యదర్శికి ఒకటి. అత్తకు వెంటనే టింగుమని మోగింది. మిగతా ఇద్దరివీ పోయి మళ్లీ లాటరీవాడి పక్కనే పడ్డాయి. మెయిలు లోపలి వివరాలు తెరిచి చూస్తే జాబితా పరీక్ష పాస్, సంతకం పాస్, పేరు సరిపోయిందా లేదా అన్నదీ పాస్.

అన్నింట్లోనూ పాసైనవాడిని ఫెయిలు చేసిన బడి ఏ ఊళ్లోనైనా ఉందా అని తాళాలక్క అడిగింది. పిల్ల తల గోక్కుంటూ, నీకు మాత్రం ఎందుకొస్తోందో అర్థం కావడం లేదు అత్తా అంది. నేను మంచిదాన్ని కాబట్టి అని జవాబిచ్చి, తాళాలక్క తన కౌంటర్‌కు వెళ్లిపోయింది. ఆ జవాబులో ఎంత నిజముందో అప్పటికి ఇద్దరికీ తెలియదు.

*

బుధవారం నీళ్లు ఇరవై ఏడు డిగ్రీలు. ఆ సంగతి తాళాలక్క పలక మీద రాయకముందే తొమ్మిది వందల మందికి తెలుసు. ఎందుకంటే సైటు రోజూ పొద్దున్న అయిదింటికి పాత సభ్యులందరికీ ‘ఈరోజు నీళ్లు ఇంత వెచ్చగా ఉన్నాయి, రండి, ఈదండి’ అని ఒక మెయిలు పంపుతుంది. కోచ్ ముచ్చటపడి పెట్టించుకున్న ఏర్పాటు అది. నీళ్లంటే ప్రాణం పెట్టే మనిషి, అందరికీ అలాగే ఉంటుందని ఆయన అనుకోవడంలో వింత లేదు. కానీ అయిదింటికి దిండు కింద ఫోను టింగుమంటే లేచి ఆనందపడేవాళ్లు తక్కువ.

ఎనిమిదింటికి ఇరవై మూడు వచ్చాడు. తాళాలక్క మనుషుల్ని లాకరు నంబరుతోనే గుర్తు పెట్టుకుంటుంది. ఇరవై మూడు అంటే పెన్షను పుచ్చుకుంటున్న పెద్దమనిషి, వెల్లకిలా తప్ప ఇంకోలా ఈదడు. ఫోను చెవికి దూరంగా పట్టుకుని, ఈ నీళ్ల మెయిలు బాధ పడలేకపోతున్నాననీ, పడుకున్న భార్య కూడా లేచి తనను తిడుతోందనీ మొరపెట్టుకున్నాడు. అందరూ మీ దగ్గరికే వెళ్లమంటున్నారు అన్నాడు.

“ఇటివ్వండి,” అంది తాళాలక్క.

ఇందులో ఆవిడకు గొప్ప పేరు వచ్చింది. ఎవరూ నేర్పలేదు, తనంతట తనే కనిపెట్టింది. మెయిలు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే ఒక పట్టిక వస్తుంది. అందులో ‘స్పామ్ అని తెలపండి’ అన్నది నొక్కితే చాలు, ఆ మెయిలు మళ్లీ కంటికి కనబడదు. తడి వేళ్లకు ఫోను పలకదని చీర కొంగుతో బొటనవేలు తుడుచుకుని, మూడు నొక్కుల్లో పని ముగించింది. ఇరవై మూడు ఫోనును అటూ ఇటూ తిప్పి చూసుకుని, మా అబ్బాయికి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, మీరు చిటికెలో చేశారు అని ఆకాశానికెత్తాడు. రెండు నెలల్లో ఇలాంటి పొగడ్తలు చాలా విని, తాళాలక్క కౌంటర్ అద్దానికి తన చేత్తో రాసిన కాగితం కూడా ఒకటి అంటించింది. ‘నీళ్ల మెయిలు వద్దనుకునేవారు ఫోను ఇక్కడ చూపించండి. క్షణంలో ఆపబడును.’

అదే వేళకు మేనకోడలు సామాను గదిలో మెయిలు పెట్టెలు నడిపే కంపెనీకి విన్నపం రాస్తోంది. మా మెయిళ్లను మీ కాపలా ఎందుకు ఆపుతోంది, కారణం చూపించండి అని. మధ్యాహ్నం అత్త అన్నం డబ్బా తెచ్చి బల్ల మీద పెడితే, తింటూ తెర మీద నుంచి కళ్లు తీయలేదు. మెతుకులు మీటల సందుల్లో పడుతుంటే తాళాలక్క ఒక్కొక్కటీ ఏరి పారేస్తూ, ఇలా అయితే నీ కంప్యూటరుకు నీకన్నా ముందు కడుపు నిండుతుందని దెప్పింది. పిల్ల నవ్వింది కానీ అది పైపై నవ్వని అత్తకు తెలిసిపోయింది.

గురువారం తొమ్మిదింటికి కంపెనీ నుంచి లెక్కలు వచ్చాయి. ఆ సంగతి తాళాలక్కకు ఎవరూ చెప్పలేదు. ఆవిడకు తెలిసిందల్లా, మేనకోడలు సామాను గదిలోంచి వచ్చి కౌంటర్ ముందు నిలబడి, అద్దానికి అంటించిన కాగితాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చదవడం. రోజూ దాని ముందునుంచే పోతుంది కానీ, ఇంట్లో గోడగడియారాన్ని చూసినట్టే చూసిందేమో. చదివి, ఇలా ఎంతమందికి చేశావు అత్తా అని మామూలుగా అడిగింది. లెక్క ఎవరు పెట్టారు, వందకు తక్కువుండరు అని తాళాలక్క గర్వంగా చెప్పింది. పిల్ల ఏదో అనబోయి నీళ్లు నమిలి, ఇకనుంచి అలాంటివాళ్లను నా దగ్గరికి పంపు అంది.

“ఏం, నాకు రాదనుకుంటున్నావా?” అంది తాళాలక్క.

“రాదని కాదు అత్తా. నాకు పని లేదుగా, నేను చూసుకుంటాను.”

పని లేకపోవడమేమిటి, నెత్తి మీద శనివారం కూర్చుని ఉంటే. తాళాలక్కకు అది కాస్త చిన్నతనంగా అనిపించింది. అయినా ఆ రోజు వచ్చిన ఇద్దరినీ సామాను గదికి పంపింది. సాయంత్రం లోపల మేనకోడలు కోచ్‌ను పట్టుకుని బతిమాలి నీళ్ల మెయిలును ఆపించింది. సీట్ల మెయిళ్లు ఇక వేరే చిరునామా నుంచి వెళ్లేలా విడదీసింది. ఆ రాత్రి భోజనం దగ్గర కెలికి లేచిపోయింది. పిల్ల ధైర్యం చెడిందనుకుని తాళాలక్క, పోతే పోయింది వెధవ సైటు, నీకు వెయ్యి సైట్లు వస్తాయి అని ఓదార్చింది. అలా ఓదారుస్తున్నప్పుడు మేనకోడలు తన వైపు చూసిన చూపు ఆవిడకు అర్థం కాలేదు. జాలిపడాల్సింది తను కదా, ఆ పిల్ల తన మీద జాలిపడుతున్నట్టుంది.

*

సంస్థ మొత్తానికీ ఉన్న ప్రింటరు ఒక్కటే. అది కౌంటర్ కింద, తువ్వాళ్ల అర పక్కన ఉంటుంది. ఎవరు ఎక్కడినుంచి నొక్కినా కాగితం తాళాలక్క మోకాళ్ల దగ్గరే బయటికొస్తుంది. కార్యదర్శి రాసే నోటీసులన్నీ ఆయనకన్నా ముందు ఆవిడే చదువుతుంది. అందులో తప్పేమీ లేదు, కాగితాలు వరసగా పెట్టాలంటే చదవాలి కదా.

శుక్రవారం ఒంటిగంటకు రెండు కాగితాలు వచ్చాయి. కమిటీకి మేనకోడలు రాసిన నివేదిక. తాళాలక్క కళ్లజోడు దించుకుంది.

మెయిళ్లు స్పామ్‌లో పడటానికి కారణాలు రెండు అని ఉంది. మొదటిది, యంత్రం పేరు జాబితాలో లేకపోవడం, సరిచేశాను. రెండోది, సభ్యుల ఫిర్యాదులు. నీళ్ల మెయిలును రెండు నెలల్లో నూట నలభై సార్లు స్పామ్ అని నొక్కారు. ఒక మెయిలును అంతమంది అలా తెలిపితే, రోజూ వాటిని తెరిచేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఆ పేరుతో వచ్చేవన్నీ చెత్తేనని కాపలా నిర్ణయించుకుంటుంది. సీట్ల మెయిళ్లు కూడా అదే పేరుతో వెళ్లడంతో వాటికీ అదే గతి పట్టింది. నీళ్ల మెయిలును, సీట్ల మెయిలును ఒకే చిరునామా నుంచి పంపడం, ‘ఇక వద్దు’ అన్న లింకును కంటికి ఆనని అక్షరాల్లో అడుగున పెట్టడం నా లోపాలు. మొత్తం బాధ్యత నాది. కింద సంతకం.

తాళాలక్క రెండో కాగితం తీసింది. అందులో రోజువారీ పట్టిక ఉంది. ఏ తారీకున ఎన్ని ఫిర్యాదులో. సోమవారం నాలుగు, మంగళవారం మూడు, బుధవారం అయిదు. ఆదివారం సున్నా. మళ్లీ వారం. ఆదివారం సున్నా. ఆవిడ వేలు కిందికి దిగుతూ పోయింది. ఎనిమిది ఆదివారాలు, ఎనిమిది సున్నాలు.

ఆదివారం కొలనులో ఇసక వేస్తే రాలనంత జనం. నీళ్ల మెయిలు ఆదివారం కూడా వెళుతుంది. మిగతా రోజులకన్నా ఆ రోజే ఎక్కువమంది విసుక్కుంటారు. కానీ ఆదివారం కౌంటర్లో కూర్చునేది కోచ్ భార్య. తాళాలక్కకు వారానికి ఒక్క సెలవు, అది ఆదివారం.

ఆవిడ కుర్చీలో కూలబడింది. తడి తువ్వాలు చేతిలో ఉన్న సంగతి కూడా తెలియలేదు, ఒళ్లంతా తడిసింది. తను రోజూ నీళ్ల మెయిలు తెరిచి చదువుతుంది, తన ఫోనులో ఒక్కసారీ స్పామ్ అని నొక్కలేదు, అందుకే తనకు మాత్రం టింగుమంది. దర్జీ ఆవిడ మోకాళ్లు గుర్తొచ్చాయి. ఇంతా చేసి సీట్లు పోగొట్టింది ఈ బొటనవేలా అని దాన్ని మొదటిసారి చూసుకున్నట్టు చూసుకుంది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువగా, ఆ నివేదికలో తన పేరు ఎక్కడా లేకపోవడం మనసుకు గుచ్చుకుంది. పిల్లకు గురువారమే తెలుసు. తెలిసి, మొత్తం బాధ్యత నాది అని రాసి సంతకం చేసింది.

మేనకోడలు కాగితాల కోసం వచ్చింది. తాళాలక్క వాటిని వరసగా సర్ది, అంచులు బల్లకేసి తట్టి, మడత పడకుండా అందించింది. అక్షరాలు బాగా పడ్డాయి అంది.  పదిహేడేళ్లలో తాళాలక్క మాట మింగడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

*

కమిటీ గది కొలనుకు పై అంతస్తులో ఉంది. పెద్ద గాజు కిటికీ లోంచి కింద ఈదేవాళ్ల తలలు కనిపిస్తాయి. శనివారం పదింటికి కార్యదర్శి, మరో నలుగురు సభ్యులు గుండ్రంగా కూర్చున్నారు. మేనకోడలు నిలబడి నివేదిక చదువుతోంది. 

తాళాలక్కకు ఆ గదిలో పనిలేదు. కౌంటర్‌ను కోచ్ భార్యకు అప్పజెప్పి, మెట్లెక్కి, తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. తాళాల గుత్తి నడుముకే ఉండటంతో రావడం అందరికీ వినిపించింది. అప్పటికి మేనకోడలు ‘మొత్తం బాధ్యత’ దాకా వచ్చింది. అత్తను చూసి ఆగిపోయి, తల అడ్డంగా ఊపింది, వద్దు అన్నట్టు.

“రెండో కాగితం చదవలేదు ఇంకా,” అంది తాళాలక్క. “నేను చెబుతాను. ఆ నూట నలభై నేను నొక్కినవి. ఆదివారం నాకు సెలవు. అందుకే ఆదివారం సున్నా.”

 కింద ఎవరో నీళ్లలోకి దూకిన చప్పుడు వినిపించింది. తాళాలక్క ఇక ఆగలేదు. మూడు చుక్కలు, పట్టిక, స్పామ్ అని తెలపడం, అద్దానికి అంటించిన కాగితం, అన్నీ చెప్పింది. మెయిలు ఆగిపోతుందనుకున్నాననీ, సంస్థ మీదే ఫిర్యాదు చేస్తున్నానని ఎరగననీ చెప్పింది. ఈ పిల్లకు తెలిసి కూడా నన్ను కాపాడాలని తన మీద వేసుకుంది, అది మీరు రాసుకోవద్దు అని ముగించింది. నిలబడే ఉంది.

 కార్యదర్శి జేబులోంచి ఫోను తీశాడు. ఏదో తెరిచాడు, పైకీ కిందికీ జరిపాడు. ఆయన ఇస్త్రీ మడతలో మొదటిసారి చిన్న ముడత కనిపించింది.

“నాది కూడా మీరే నొక్కారు, తాళాలక్కా,” అన్నాడు. “సైటు వచ్చిన రెండో వారంలో. నేనే వచ్చి అడిగాను.”

ఆయన పక్కనున్న సభ్యుడు దగ్గాడు. కార్యదర్శిగారు చెబితే తనూ వెళ్లి చేయించుకున్నానన్నాడు. మూడో ఆయన తన ఫోనుతో పాటు భార్యది కూడా తీసుకెళ్లానని ఒప్పుకున్నాడు. నాలుగో ఆమె నాకు ఇలాంటిది ఉందని చెప్పనేలేదే అని అలిగింది. ముందు ఎవరు నవ్వారో తెలియదు కానీ, ఆ గదిలో అంత నవ్వు అంతకుముందు ఎవరూ వినలేదు. మేనకోడలు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తాళాలక్క మాత్రం నవ్వలేదు.

సైటు మేనకోడలి దగ్గరే ఉండాలని పది నిమిషాల్లో తీర్మానించారు. గడువు దాటిన సీట్లన్నీ వాటి వాటి పాత వరస ప్రకారమే తెరవాలి, తరగతి ఒక వారం వెనక్కి జరగాలి, నీళ్ల మెయిలు అడిగినవాళ్లకు తప్ప వెళ్లకూడదు. ‘ఇక వద్దు’ లింకును చత్వారం ఉన్నవాళ్లకు కూడా కనిపించేంత పెద్దగా పెట్టాలి. ఇక తాళాలక్క సంగతేమిటని ఒక సభ్యుడు అడిగాడు. నొక్కినవన్నీ ఆవిడే వెనక్కి తీయించాలి అన్నాడు కార్యదర్శి. అంతమందిని ఎలా పట్టుకుంటారో చూద్దాం అన్నాడు. ఆ ‘చూద్దాం’ వినగానే తాళాలక్క ఊపిరి పీల్చుకుని కుర్చీ లాక్కుని కూర్చుంది.

మెట్లు దిగుతూ మేనకోడలిని కడిగేసింది. నాకెందుకు చెప్పలేదు అని. పిల్ల గోడవైపు చూస్తూ, నాకైతే ఇంకో పని దొరుకుతుంది అత్తా, నీకు ఆ కౌంటర్ తప్ప ఇంకోటి బాగుండదనిపించింది అంది. తాళాలక్క, రేపటినుంచి ఉప్పు తక్కువైనా నా వంట తిను, కెలకకు అంది.

*

ఆ నూట నలభై మందిని తాళాలక్క ఎలా పట్టుకుంటుందో చూడాలని అనుకున్నవాళ్లకు ఆవిడ జ్ఞాపకశక్తి సంగతి తెలియదు. శనివారం మధ్యాహ్నం సామాను గదిలో ట్యూబు మీద కూర్చుని కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఏడు, కోడిపిల్ల పచ్చ తువ్వాలు ఆయన. పన్నెండు, పన్నెండు చెల్లెలు. ఇరవై మూడు. ముప్పై ఒకటి, తాళం రెండుసార్లు పోగొట్టిన ఆవిడ. మేనకోడలు లాకరు నంబరుకు ఎదురుగా పేరు, ఫోను వెతికి రాసుకుంటూ పోయింది. సాయంత్రానికి నూట ముప్పై ఎనిమిది తేలారు. మిగతా ఇద్దరూ ఆదివారం నిద్రలో గుర్తొచ్చారు.

వచ్చినవాళ్ల ఫోను తీసుకుని, స్పామ్ అర తెరిచి, అక్కడ పడున్న ఈతకొలను మెయిలు మీద ‘స్పామ్ కాదు’ అన్నది నొక్కడం, రానివాళ్లకు ఫోను చేసి వాళ్ల చేత నొక్కించడం, ఇదీ సోమవారం నుంచి పని. ఒక్కసారిగా మంచిపేరు రాదు అత్తా, కాపలావాడు నాలుగు రోజులు గమనించి నమ్ముతాడు అని పిల్ల ముందే హెచ్చరించింది. అయినా కొత్త చిరునామాతో వెళ్లిన సీట్ల మెయిళ్లు సోమవారమే సగం మందికి నేరుగా చేరాయి. అందరికన్నా ముందు లింకు నొక్కింది దర్జీ ఆవిడ. మంగళవారానికి తొమ్మిది, బుధవారం పదకొండింటికి పన్నెండో పేరు కూడా పచ్చబడింది.

ఆ మాట చెప్పడానికి మేనకోడలు సామాను గదిలోంచి పరుగులాంటి నడకతో వచ్చింది. తాళాలక్క ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో తాళం ఇస్తూ ఇంకో చేత్తో జాబితాలో గీత కొడుతూ మాట్లాడుతోంది. మూడు రోజులుగా చెప్పి చెప్పి ఆ కథకు మంచి నడక వచ్చేసింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ‘ఆదివారం సున్నా’ అనాలో, కార్యదర్శి ఫోను ఎప్పుడు తీయించాలో ఆవిడకు బాగా కుదిరింది. అవతలివాళ్లు నవ్వుతున్నది ఇవతలికి వినబడుతోంది. వరసలో ఉన్నవాళ్లు కూడా తాళం తీసుకున్నాక కదలకుండా వింటున్నారు.

“తప్పు నాదండీ, ముమ్మాటికీ నాదే,” అంటోంది. “కనిపెట్టింది మాత్రం మా పిల్ల. కనిపెట్టి కూడా నన్నొక్క మాట అనలేదు. ఇప్పుడు ఆ మూడు చుక్కలు నొక్కండి.”

మేనకోడలు ఆవిడ ఫోను పెట్టేదాకా ఆగింది. పన్నెండూ నిండాయని చెప్పింది. తాళాలక్క కళ్లు మెరిశాయి, కానీ చెయ్యి అప్పుడే జాబితాలో తర్వాతి నంబరు మీదికి పోయింది.

“ఇన్నిసార్లు ఒప్పుకోవాలా అత్తా?” అంది పిల్ల చిన్న గొంతుతో. “స్పామ్ కాదు అని నొక్కమంటే సరిపోతుందిగా. నీ తప్పని ఊరంతా చెప్పక్కర్లేదు.”

“నువ్వు అయిదుగురి ముందు నీదని చెప్పబోయావు,” అంది తాళాలక్క. “నేను నూట నలభై మందికి నాదని చెప్పాలి. పదకొండు మంది ఉన్నారింకా. పక్కకు జరుగు, వరస ఆగిపోతోంది.”